దాహం వేయని గుర్రాలు

ఆదివారం టీవీలో ఓ పాత జానపద సినిమా వేశారు. ఒక్క పాట అయ్యేలోపు రాకుమారుడు మూడు రాజ్యాలు దాటేశాడు. గుర్రం చుక్క నీళ్లు ముట్టలేదు, గుప్పెడు గడ్డి కొరకలేదు, కనీసం లద్దె కూడా వేయలేదు. 'మొదలైంది ఈయన నీళ్ల గోల' అని మీరు అప్పుడే అనుకుంటున్నారని తెలుసు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే సీమలో ఉంటూ ఇంకేం మాట్లాడమంటారు?

అనంతపురం నుంచి గుత్తికి యాభై కిలోమీటర్ల పైచిలుకు. కారులో గంట. గుర్రం మీదైతే, దాన్ని చంపుకోదలచుకోకపోతే, రెండు రోజులు. మనిషినీ మూటనూ మోస్తూ వరసగా నడవాలంటే రోజుకు ముప్ఫై, నలభై కిలోమీటర్లే దానికి సరి. ఎండాకాలం నలభై లీటర్ల నీళ్లయినా కావాలి. ఒళ్లంతా చెమటోడ్చే జంతువు గనక ఉప్పూ పెట్టాలి. పొట్ట చిన్నది; ఒకేసారి కుక్కితే కుదరదు, రోజంతా కొంచెం కొంచెంగా మేయాలి. పడనిది తింటే కక్కుకునే వీలు గుర్రానికి లేదు, శూల వచ్చి పొర్లాడుతుంది. బూజు పట్టిన శెనక్కాయ కట్టె వేసినా అదే గతి. మన ఇసుక నేలల్లో గడ్డి మొదళ్లు కొరికితే ఇసుక కూడా కడుపులోకి పోతుంది, దానికీ శూలే. ఉలవలకు మాత్రం ఇక్కడ లోటు లేదు. అవైనా నానబెట్టో ఉడకబెట్టో పెట్టాలి.

ఇక రాళ్ల దారి. నాడా ఊడిందంటే, కొట్టేవాడు దొరికేదాకా మనిషి దిగి పక్కన నడవాల్సిందే. జీను కింద గుడ్డ మడత పడితే వీపు పుండవుతుంది, ప్రయాణం వారాల తరబడి ఆగుతుంది. మజిలీలో జీను విప్పి, గుర్రం వీపు తడిమి చూసిన రాకుమారుణ్ని ఏ సినిమాలోనూ చూడలేదు.

మన్రో దొర తడిమే ఉంటాడు. నిజాం 1800లో దత్తమండలాలను కుంపిణీకి ఇచ్చేశాక, థామస్ మన్రో ప్రిన్సిపల్ కలెక్టరై 1807 దాకా ఇక్కడే తిరిగాడు. డేరాల్లో కాపురం, గుర్రం మీద ఊళ్లు. పొలం పొలం కొలిపించి రైత్వారీకి పునాది వేశాడు. చెన్నపట్నంలో గుర్రమెక్కి ఉన్న ఆయన విగ్రహం చూశారా? ఫ్రాన్సిస్ ఛాంట్రీ చేసినది, 1839లో నిలబెట్టారు. ఆ గుర్రానికి జీనూ లేదు, రికాబులూ లేవు. గుత్తి దారిలో అలా ఒక్క పూట వెళ్తే దొర తొడలు ఏమయ్యేవో ఛాంట్రీకి పట్టినట్టు లేదు.

కలెక్టర్లను కార్లు దింపి గుర్రాలెక్కించాలని నేను ఎప్పటినుంచో పోరుతున్నాను. కారు అద్దం ఎత్తేస్తే కరువు కనబడదు. గుర్రమైతే చెరువు ఎండిందో లేదో రౌతుకు తెలియక తప్పదు. అది ఆగిన చోట అతనూ ఆగాలి, ఆగితే నలుగురితో మాట్లాడాలి. ఈ వారమూ అదే రాద్దామని కూర్చున్నాను. పై లెక్క వేశాక కలం సాగలేదు.

ఆ నలభై లీటర్లు చేది పోసిందెవరు? చొప్ప ఎవరి వామిలోది? ఉలవలు ఎవరి పొయ్యి మీద ఉడికాయి? దొర ఒక్కడే రాడు గదా. డేరాలు మోసే ఎడ్లు, గుమాస్తాలు, బంట్రోతులు వెంట ఉంటారు. అంతకుముందు గుత్తి కోట ఏలిన మురారిరావు గుర్రపు దండు, 1776లో ఆ కోట పట్టిన హైదరాలీ దండు తిరిగినవీ ఈ దారులే. ఏ దండూ గడ్డి నెత్తిన పెట్టుకుని రాదు. అది దిగిన ఊరే మేపాలి. మకాం ఎంత ఎక్కువైతే అధికారికి ఊరు అంత బాగా తెలుస్తుంది, ఊరి బావి అంత కిందికి పోతుంది. మనిషికే బిందె కరువైన చోట కలెక్టరు గుర్రానికి తొట్టి నింపమనడం ఏం న్యాయం?

కలెక్టరుకు జీపే నయం, అద్దాలు దించుకుని తిరిగితే చాలు. గుర్రం మీద దేశం చుట్టి వీడియోలు తీస్తామనే కుర్రాళ్లకు మాత్రం ఒక మాట. దాణా, నీళ్లు వెనక వ్యాన్‌లో తెచ్చుకోండి. ఏప్రిల్, మే నెలల్లో ఇటు రాకండి. వచ్చి, ఏ పల్లెలోనైనా నీళ్లు అడగాల్సి వస్తే డబ్బిచ్చి అడగండి.