ఉక్కుమనిషికి ఉక్కు నప్పలేదు

అమెరికాలో సియాటిల్‌కు చెందిన ఫాసినేషన్స్ సంస్థ 'మెటల్ ఎర్త్' పేరుతో అమ్మే రేకుబొమ్మలను చూడనివారికి ముందుగా రెండు మాటలు చెప్పాలి. నాలుగంగుళాల చదరపు స్టీలు రేకులు సన్నని కవరులో వస్తాయి. ముక్కలన్నీ లేజరుతో ముందే కోసి ఉంటాయి. రేకును అక్కడక్కడ చిన్న కాడలతో అంటిపెట్టుకొని ఉంటాయి. వాటిని కత్తిరించి, వంచి, ఒక ముక్క అంచున ఉన్న చెవిని మరో ముక్క సందులో దూర్చి, అవతలి పక్క మడవాలి, లేదా మెలిపెట్టాలి. జిగురు లేదు, టంకం లేదు. ఓడలూ విమానాలూ తాజ్‌మహలూ ఇలాగే తయారవుతాయి. బొమ్మల కథల వీరులూ ఇలాగే తయారవుతారు.

సాహిత్య పత్రికలో ఈ రేకుల గొడవేమిటని ఎవరైనా అడగవచ్చు. వీరులు కథల్లోని పాత్రలు. కథను తెరకెక్కిస్తే పాత్ర నిలిచిందా లేదా అని విమర్శిస్తాం. రేకుకెక్కిస్తే మాత్రం ఎందుకు ఊరుకోవాలి?

రేకుకు ఒక స్వభావం ఉంది. గొట్టంలా చుట్టుకుంటుంది, గరాటులా చుట్టుకుంటుంది, బంతి మాత్రం కాదు. బంతి కావాలంటే సుత్తిదెబ్బలు తిని సాగాలి. మన కంచరులు బిందెకు పొట్ట తెచ్చేది అలాగే. ఈ బొమ్మ కట్టేవాడి చేతిలో సుత్తి లేదు, పట్టుకారే ఉంది. అందుచేత చెంప, భుజం, పిక్క, మనిషి ఒంట్లో గుండ్రంగా ఉన్నదేదైనా సరే, పలకలు పలకలుగా వస్తుంది, లేదా చెక్కిన గీతలతో సరిపెట్టుకుంటుంది.

ఈ పరీక్షలో మొదట తప్పేవాడు సూపర్‌మాన్. 1938లో జెర్రీ సీగెల్, జో షుస్టర్ అనే ఇద్దరు యువకుల చేతుల్లోంచి అచ్చులోకి వచ్చిన ఈ వీరుడికి 'ఉక్కుమనిషి' అని బిరుదు. (మనం సర్దార్ పటేల్‌ను అన్నట్టే.) పేరులోనే ఉక్కు ఉన్నవాడు ఉక్కులో అందరికంటె బాగా రావాలి కదా. రాడు. ఆ బిరుదు రూపకాలంకారం. ఒళ్లు మాంసమే అయి ఉండి తూటా తగిలినా చలించడన్నదే అందులోని చమత్కారం. రూపకాన్ని తీసుకువెళ్లి నిజంగా ఉక్కులో పోస్తే అలంకారం పోయి ఉక్కు మిగులుతుంది. ముఖం డబ్బామూతలా ఉంటుంది. గాలికి ఎగరవలసిన వీపు మీది వస్త్రం వంచిన తలుపురేకులా ఉంటుంది. కెప్టెన్ అమెరికాకు డాలు ఒక్కటే బాగా కుదురుతుంది. అదొక్కటే కదా కథలోనూ లోహం!

ఐరన్‌మాన్ సంగతి వేరు. 1963 మార్చి నాటి 'టేల్స్ ఆఫ్ సస్పెన్స్' 39వ సంచికలో అతడు మొదటిసారి కనిపించాడు. వియత్నాంలో గాయపడి శత్రువులకు బందీగా చిక్కిన టోనీ స్టార్క్, తోటి బందీ అయిన ప్రొఫెసర్ యిన్‌సెన్ తోడ్పాటుతో ఒక కవచం చేసుకొని బయటపడతాడు. 2008 నాటి సినిమాలో వియత్నాం అఫ్ఘనిస్తాన్ అయింది గాని, ఇనుప ముక్కలు ఏరి, మలిచి, ఒకదానికొకటి తగిలించడం మారలేదు. ఆ కథలోని ప్రధాన క్రియ ఏదో బొమ్మ కట్టేవాడు చేసేదీ అదే. పైగా అతడి ముఖం ముఖం కాదు, ముసుగు. పలకలుగా ఉండడమే దానికి అందం. కట్టేసిన బొమ్మ లోపల డొల్ల, కవచమూ డొల్లే. 2013 నాటి మూడో సినిమాలో లోపల మనిషి లేని కవచాలు వాటంతటవే వచ్చి పోరాడతాయి. రేకుబొమ్మను చేతిలో పట్టుకుంటే ఆ భయం మళ్లీ తగులుతుంది. నా మటుకు నాకు ఇది ఆటవస్తువు స్థాయి దాటి వ్యాఖ్యానం అయింది.

ఈ బొమ్మలతో వచ్చే కాగితంలో దాదాపు అంతా చిత్రాలే. ఏ చెవిని మడవాలో ఏ చెవిని మెలిపెట్టాలో గుర్తులే చెబుతాయి. అన్ని దేశాలకూ ఒకే కాగితం సరిపోవాలి కాబట్టి వ్యాపారికి అది ఆదా. బరంపురంలో మా చెల్లెలి మనవడితో కూర్చొని ఐరన్‌మాన్‌ను కడుతున్నప్పుడు ఆ ఆదా నాకు మరోలా అక్కరకొచ్చింది. వాడికి బడిలో ఇంగ్లీషు, వీధిలో ఒడియా. తెలుగు పెద్దవాళ్లు పిలిస్తే పలకడానికే. కాగితంలో మాట లేకపోవడంతో ముక్కలకు పేర్లు మేమే పెట్టుకోవలసి వచ్చింది. చెవి, సందు, మడత, మెలిక, కాడ. "తాతా, ఈ చెవి ఆ సందులో పట్టట్లేదు" అన్నాడు వాడు. అంత పొడుగు తెలుగు వాక్యం వాడి నోట ఎవరూ అడగకుండా రావడం నేను అరుదుగా విన్నాను. తెలుగు వాచకం పట్టుకొని కూర్చోబెట్టిన రోజుల్లో రాలేదు.

ఒక లోటు చెప్పాలి. ఈ వీరుడు కదలడు. చెవిని ఒకసారి మడిచాక విప్పి మళ్లీ మడిస్తే, రెండు మూడు సార్లకే విరుగుతుంది. లెడ్జరులో కొట్టివేతకైనా అవకాశం ఉంది, ఇక్కడ లేదు. మా గంజాం జిల్లాలోనే బెలగుంఠ ఇత్తడి చేప ఉంది. పొలుసుల వరసలు ఒకదాని మీద ఒకటి జారేట్టు కూర్చి ఉంటాయి. తోక పట్టుకొని ఊపితే ఒళ్లంతా మెలికలు తిరుగుతుంది. అక్కడా ముక్కల కూర్పే, కాని ముక్కకూ ముక్కకూ మధ్య కాస్త జాగా విడిచిపెట్టారు. లేజరు కోతకు ఆ వదులు తెలియదు. తోలుబొమ్మ చేతులను దారంతో ముడివేసేవాళ్లకు కూడా ఈ రహస్యం తెలుసు.

ఇక కవరు విప్పకుండా దాచుకొనేవారు ఉన్నారు. తయారీ ఆగిపోయిన బొమ్మకు తర్వాత ధర పెరుగుతుందని వారి ఆశ. వాణిజ్యశాస్త్రం చదివినవాణ్ని, ఆ లెక్క నాకు అర్థం కాకపోదు: కత్తెర పడిన క్షణంలో ఆస్తి విలువ తరుగుతుంది. అయితే విప్పని కవరులో ఐరన్‌మాన్ లేడు, గీతలు గీసిన రేకు ఉంది. విప్పనివాడికి సూపర్‌మాన్ ఎందుకు చెడ్డాడో, ఐరన్‌మాన్ ఎందుకు నిలిచాడో తెలిసే వీలు లేదు. ఇద్దరూ అతడికి ఒకే ధర.

కొనదలిచినవారు కవచం వేసుకున్న వీరుణ్ని కొనండి, ఒంటి మీద బట్ట వేసుకున్నవాణ్ని వదిలేయండి. సన్నముక్కు పట్టుకారు విడిగా కొనుక్కోవాలి, కవరులో రాదు. పిల్లవాణ్ని పక్కన కూర్చోబెట్టుకుంటే రేకు అంచులు వేలికి కోసుకోకుండా చూసుకోండి.