చేతికి అందే చోట

సీసపు అక్షరాల రోజుల్లో చెయ్యి తిరిగిన కంపోజిటరు అక్షరాల గళ్లున్న కేసు వైపు చూడనవసరం ఉండేది కాదు. చూపు రాతప్రతి మీద ఉండగానే చెయ్యి అక్షరం గడికీ, వత్తు గడికీ వెళ్లి వచ్చేది. గళ్ల వరస వేరుగా ఉన్న ప్రెస్సులో చేరితే ఆ చెయ్యే తడబడేది.

పేజ్‌మేకర్ వదిలి ఇన్‌డిజైన్‌కు వచ్చే డీటీపీ ఆపరేటరుదీ అదే తడబాటు. మన పుస్తకాలు, కరపత్రాలు, శుభలేఖలు ఏళ్ల తరబడి పేజ్‌మేకర్‌లో, అనూ ఫాంట్లతో తయారయ్యాయి. 1985లో ఆల్డస్ సంస్థ తెచ్చిన ఆ సాఫ్ట్‌వేర్‌కు 2001 నాటి 7.0 తర్వాత చెప్పుకోదగ్గ కొత్త వెర్షన్ రాలేదు. ఇన్‌డిజైన్ అప్పటికే, 1999లోనే వచ్చింది. అయినా చాలామంది కదల్లేదు. దాన్ని బద్ధకం అంటే నేను ఒప్పుకోను. పేజీకింత అని లెక్కగట్టి బతికేవాళ్లకు చేతివేగమే సంపాదన.

అందుకే మారేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: మొదటి పూట పేజీలు పెట్టకండి, సెట్టింగులు సరిచూసుకోండి. అదీ ఏ ఫైలూ తెరవకుండా. ఫైలు తెరిచి మారిస్తే కొలతలు, హైఫనేషన్ లాంటివి ఆ ఒక్క ఫైలుకే మారతాయి. ఏదీ తెరవకుండా మారిస్తే ఇకపై చేసే ప్రతి కొత్త ఫైలుకూ వర్తిస్తాయి.

ముందు తెలుగును కాపాడుకోవాలి. పాత ఫాంట్లలో ఇంగ్లిషు అక్షరాల, గుర్తుల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చుని ఉంటాయి. మనకు కనిపించేది తెలుగే అయినా సాఫ్ట్‌వేర్‌కు అది ఇంగ్లిషు. హైఫనేషన్ ఆన్‌లో ఉంటే మాటను ఇంగ్లిషు లెక్కన విరిచేస్తుంది. అక్షరం పై లైనులో, దాని వత్తు కింది లైనులో పడతాయి. టైపోగ్రాఫర్స్ కోట్స్ ఆన్‌లో ఉంటే కొటేషన్ గుర్తు కీ మీదున్న ముక్క వేరేదైపోతుంది. రెండూ తీసేయాలి. యూనికోడ్ ఫాంట్లకు కావలసింది వేరు: వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోకపోతే వత్తులు చెల్లాచెదురవుతాయి.

నన్ను ఎక్కువ ఏడిపించింది మాత్రం పేరాగ్రాఫ్ కంపోజర్. పేజ్‌మేకర్ ఏ లైనుకా లైను సర్దేది. ఇన్‌డిజైన్ పేరా మొత్తం చూసి సర్దుతుంది. ప్రూఫులో అయిదో లైనులో ఒక్క దీర్ఘం దిద్దితే, పైనున్న మూడో లైను విరుపు కూడా మారవచ్చు. దిద్దిన చోటే చూసి పేజీ పంపేసే అలవాటుతో నేను దెబ్బతిన్నాను. నవలల వంటి నిడుపాటి వచనానికి ఈ పద్ధతే అందం. మాటల మధ్య ఖాళీలు సమంగా వస్తాయి. ఆఖరి ప్రూఫు దశలో ఉన్న పుస్తకానికి మాత్రం పేరాగ్రాఫ్ స్టైల్లోనే సింగిల్ లైన్ కంపోజర్ పెట్టుకోవడం క్షేమం.

పేస్ట్‌బోర్డు దిగులు ఇంకొకటి. పేజ్‌మేకర్‌లో పేజీ పక్కన పడేసిన బొమ్మ ఏ పేజీకి వెళ్లినా అక్కడే కనిపించేది, బల్ల మీద పెట్టుకున్న సామానులాగా. ఇన్‌డిజైన్‌లో ఏ స్ప్రెడ్ బల్ల దానిదే. నాలుగో పేజీ పక్కన ఉంచింది పదో పేజీలో కనిపించదు. మాటిమాటికీ వాడే లోగోలను, బోర్డర్లను లైబ్రరీ ఫైల్లో దాచుకుంటే ఆ లోటు తీరుతుంది.

షార్ట్‌కట్ల సంగతికొస్తే, పేజ్‌మేకర్‌లో కంట్రోల్ ఈ కొడితే స్టోరీ ఎడిటర్ తెరుచుకునేది. ఇక్కడ ఎక్స్‌పోర్ట్ డబ్బా వచ్చి నిలబడుతుంది. ఎడిట్ మెనూ కింద కీబోర్డ్ షార్ట్‌కట్స్‌లో పేజ్‌మేకర్ 7.0 సెట్ సిద్ధంగా ఉంది, దాన్ని ఎంచుకోవచ్చు. నేనైతే దాన్ని కొన్నాళ్లకే వాడమంటాను. కొత్తగా వచ్చిన సౌకర్యాలకు ఆ పాత సెట్‌లో చోటు లేదు. డిఫాల్ట్ సెట్‌కు మీ చెయ్యి మరవలేని నాలుగైదు కీలను మాత్రం కలిపి, మీ పేరుతో సేవ్ చేసుకోండి.

ప్యానెళ్లను కూడా మీ చేతివాటానికి సర్దుకుని న్యూ వర్క్‌స్పేస్‌తో పేరు పెట్టండి. పుస్తకాల పనికొకటి, శుభలేఖల పనికొకటి ఉంటే మంచిది. షార్ట్‌కట్ సెట్, వర్క్‌స్పేస్ రెండూ చిన్న ఫైళ్లు. పెన్‌డ్రైవ్‌లో కాపీ చేసుకుంటే, రేపు సిస్టమ్ ఫార్మాట్ చేసినా, మరో సెంటర్లో కూర్చున్నా మీ కేసు మీ వెంటే ఉంటుంది.