మెట్లు ఎవరి లెక్కలో?

భిలాయ్ సెక్టార్‌లలో పెరిగిన మన శ్రీకాకుళం కుర్రాడొకడు, ఒక కోచింగ్ సెంటరుకు జాంగోలో ఫలితాల సైటు నడుపుతున్నాడు. మొన్న రాత్రి ఫోను. "బాబాయ్, ఒక్కో వర్కరు 200 ఎంబీ తింటోంది. నాలుగు వర్కర్లు, 1 జీబీ మెషీను. ఇంకేం మిగుల్తుంది?"

వాళ్ల నాన్న భిలాయ్ స్టీల్ ప్లాంటు రైల్ మిల్లు మనిషి. 130 మీటర్ల పట్టాలు తీసే మిల్లు అది. ఆ ఇంటివాడికి కొలత గురించి నేను చెప్పాలా? చెప్పాల్సే వచ్చింది.

టాప్ కమాండులో కనబడే ఆర్‌ఎస్‌ఎస్ అనే మెమరీ లెక్కలో, వర్కర్లు పంచుకునే పేజీలు ప్రతి వర్కరు ఖాతాలోనూ పూర్తిగా పడతాయి. ప్లాంటు క్వార్టర్లలో ఇంటింటివాళ్లూ బ్లాకు మెట్లన్నీ మావేనని రాయించుకున్నట్టు. పీఎస్‌ఎస్ అనే ఇంకో లెక్క ఆ మెట్లకు వాటాలు వేస్తుంది. లినక్స్‌లో స్మాప్స్ రోలప్ ఫైలు తెరిస్తే కనబడుతుంది. కూడాల్సింది దాన్ని.

వర్కర్లను నడిపే గునికార్న్‌లో, యాప్‌ను ముందే లోడ్ చేసి పంచే ప్రీలోడ్ పెట్టినా ఆ పంపకం ఎంతోకాలం నిలవదు. పైథాన్‌లో వస్తువును ఊరికే చదివినా దాని రిఫరెన్స్ కౌంటు మారుతుంది, ఆ పేజీకి వేరే కాపీ పుడుతుంది. చెత్త ఏరే జీసీ కూడా ఆ పేజీలనే తడుముతుంది. ఈ బాధ పడలేకే జీసీని ఆపేశామని ఇన్‌స్టాగ్రామ్ వాళ్లు 2017లో రాశారు. తర్వాత పైథాన్ 3.7లో, ఉన్న వస్తువుల జోలికి జీసీ పోకుండా చేసే జీసీ ఫ్రీజ్ వచ్చింది.

"సరే బాబాయ్, మరి రోజూ పెరుగుతోందే?"

అసలు విషయం అదీ. ఏ లైను ఎంత మెమరీ తీసుకుందో చూపే ట్రేస్‌మాలాక్ పైథాన్ 3.4 నుంచీ ఉన్నదే. పొద్దున ఒక స్నాప్‌షాట్, సాయంత్రం ఒకటి తీసి పోల్చమన్నాను. అది తనూ మెమరీ తింటుంది, వేగమూ తగ్గిస్తుంది, అందుకే ఒక్క వర్కరులోనే పెట్టించాను. పై వరుసలో మార్కుల పట్టిక కట్టే లైను తేలింది. ఆ ఫంక్షను నెత్తిన ఎల్‌ఆర్‌యూ క్యాష్, మ్యాక్స్‌సైజు నన్, అంటే హద్దే లేదు. అడిగిన ప్రతి రోల్ నంబరుకూ ఒక పట్టిక దాచుకుంటోంది, వదలడం లేదు. దానికి హద్దు పెట్టాడు.

పెట్టి, మెమరీ దిగలేదని మళ్లీ ఫోను. చిన్న వస్తువుల కోసం పైథాన్ ఎరీనాలు తీసుకుంటుంది, 3.10 నుంచి ఒక్కోటి 1 ఎంబీ. అందులో ఒక్క వస్తువు బతికున్నా ఎరీనా మొత్తం ఉండిపోతుంది. దిగకపోవడం వేరు, ఆగకుండా పెరగడం వేరు. వెయ్యి రిక్వెస్టులకోసారి వర్కరును మార్చేసే మ్యాక్స్ రిక్వెస్ట్స్ పెట్టెయ్యనా అన్నాడు. పెట్టుకోవచ్చు, నాకు పేచీ లేదు. కానీ ముందే పెడితే ఆ లైను ఎప్పటికీ బయటపడేది కాదు. వారంపాటు గ్రాఫు చూసి అప్పుడు పెట్టమన్నాను.