గాలి కుదిరాకే చెక్కపని

పాత వ్యాన్‌ని క్యాంపర్‌గా మార్చుకోవాలనే ముచ్చట మనవాళ్లలో పెరుగుతోంది. స్కూలు బండిగానో టూరిస్టు బండిగానో ఏళ్ల తరబడి తిరిగిన టెంపో ట్రావెలర్ ఒకటో, వాకిట్లో మూలపడ్డ మారుతి ఓమ్నీ ఒకటో చేతికి రాగానే మాటలన్నీ మంచం దగ్గర మొదలవుతాయి. అడ్డంగా వేయాలా నిలువుగా వేయాలా, స్టవ్ ఎటు పక్క, ప్లైవుడ్ ఏ రకం, లామినేట్ ఏ రంగు. డబ్బులో సింహభాగం అక్కడే ఖర్చయిపోతుంది, ఓపిక కూడా అక్కడే అయిపోతుంది. ఈ వరస తలకిందులుగా ఉందన్నది నా వాదన. ఆ బండిలో రాత్రి కంటినిండా నిద్ర పడుతుందా లేదా అన్నది చెక్కపని మొదలవకముందే తేలిపోతుంది. పైకప్పు ఎండని ఎంతవరకు ఆపుతోంది, గాలి ఏ దారిన వచ్చి ఏ దారిన పోతోంది, రేకు ఎంత గట్టిగా ఉంది, చక్రాల మీద ఎంత బరువు పడుతోంది, ఇవి కుదరని బండిలో ఎంత ఖరీదైన పరుపు వేసినా పొర్లుతూ తెల్లవార్చాల్సిందే.

ఈ విద్య చాలావరకు చలిదేశాల్లో పెరిగింది. అద్దాల్లేని సరుకుల వ్యాన్ తీసుకోవడం, గోడల్లో మందంగా ఉన్ని కూరడం, దానిమీద చెక్క పలకలు బిగించడం, డీజిల్ హీటర్ పెట్టుకోవడం అక్కడ తెలివైన పనులే. జర్మనీలోనో స్కాట్లండ్‌లోనో నవంబరు రాత్రి గడపాలంటే అలాగే చేయాలి. మనం వీడియోల్లో చూసి ముచ్చటపడేది కూడా ఎక్కువగా ఈ నమూనానే. దాన్ని ఉన్నదున్నట్టు దించి, రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెలలో నిలబెడితే అది పొయ్యి మీది మూకుడే. చలిని బయట ఉంచడానికి కట్టిన గోడ, లోపలికి చేరిన వేడిని బయటికి పోనివ్వదు. ఇన్సులేషన్ వేడిని నెమ్మదింపజేస్తుంది తప్ప పూర్తిగా ఆపలేదు. పగలంతా అద్దాల్లోంచి, రేకులోంచి చేరిన వేడి చెక్కలోనూ పరుపులోనూ నిలవ ఉండి, బయట చల్లబడ్డ తర్వాత కూడా గంటల తరబడి లోపల సెగ పెడుతుంది.

అయితే ఎండ సంగతి కంటే ముందు రేకు సంగతి చూడాలి. విజయవాడ ఆటోనగర్‌లో టింకరింగ్ పనివాళ్లు పాత బండిని చూసేటప్పుడు పెయింటు మెరుపు పట్టించుకోరు. తలుపుల కింది అంచు, చక్రాల గూళ్లు, ఎక్కే మెట్టు అడుగుభాగం, అద్దాల రబ్బరు కింద, పైకప్పు చుట్టూ వాననీరు పారే గాడి, ముందు వీటి మీదికి చూపు పోతుంది. స్క్రూడ్రైవర్ పిడితో తట్టుకుంటూ పోతే గట్టి రేకు ఖంగుమంటుంది, తుప్పు తిన్నచోట, పుట్టీ పూసి దాచినచోట చప్పుడు మొద్దుబారుతుంది. అక్కడ పుట్టీ గీకేసి, కుళ్లిన రేకు కోసేసి, కొత్త ముక్క వెల్డింగ్ చేయించి, ప్రైమర్ కొట్టించాలి. సీట్లు, నేలమీది మ్యాటు మొత్తం తీసి చూస్తే తప్ప ఇవేవీ బయటపడవు. ఇదంతా ఇప్పుడే ఎందుకంటే, ఒకసారి గోడలకు ఫోమ్ అతికించి పలకలు బిగించాక వెనక ఏం జరుగుతోందో ఎవరికీ కనిపించదు. పైగా ఫోమ్ ఉన్న గోడకి వెల్డింగ్ నిప్పురవ్వ తగలడం పెద్ద ప్రమాదం. ఫొటోలో కనిపించని పని కాబట్టే దీన్ని ఎగ్గొడతారు. రెండు వానాకాలాలు గడిచాక అందమైన పలక మీద గోధుమరంగు మరక తేలుతుంది. అప్పుడు చెక్కపనంతా ఊడదీయక తప్పదు.

ఇక ఎండ. ముదురురంగు పైకప్పు మే మధ్యాహ్నం 70 డిగ్రీల దాకా కాలగలదు. దాని కింద కూర్చున్నవాళ్లకి వేడి గాలితోనే కాదు, నేరుగా నడినెత్తిన సెగలా తగులుతుంది. అందుకే ఫ్యాను ఒక్కటే ఆ బాధ తీర్చదు. మొదటి మందు తెల్లరంగు. రెండోది పైకప్పు మీద నీడ. రేకుకి నాలుగు వేళ్ల ఎత్తున ఇంకో పలక ఉండి మధ్యలో గాలి ఆడితే, ఎండ పై పలకనే కాలుస్తుంది, కిందికి దిగేది చాలా తక్కువ. వేసవిలో ఇంటి ముందు తాటాకు పందిరి వేసుకునేవాళ్లకి ఈ సూత్రం కొత్తగా చెప్పక్కర్లేదు. సోలార్ ప్యానెళ్లని రేకుకి అంటించకుండా కమ్మీల మీద ఎత్తుగా బిగిస్తే ఆ పందిరి పని కూడా అవే చేస్తాయి. గాలి ఆడటం వల్ల ప్యానెళ్లూ చల్లగా ఉండి కరెంటు ఎక్కువిస్తాయి. అద్దాలకీ ఇదే లెక్క. లోపలి కర్టెన్ ఎండని ఆపేటప్పటికే వేడి అద్దం దాటి వచ్చేసి ఉంటుంది, అదే తెరని బయట వేలాడదీస్తే అద్దం దాకా రాదు.

వెండిరంగు బబుల్ షీటు గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది మోసపోయేది అక్కడే. దాని మెరుపు సెగని వెనక్కి కొడుతుంది, నిజమే. కానీ ఆ మెరిసే ముఖం ఎదురుగా ఓ అంగుళం ఖాళీ గాలి ఉంటేనే ఆ పని జరుగుతుంది. రేకుకి జిగురుతో అతికించి, ఇవతలి వైపు ప్లైవుడ్ ఆనించి బిగిస్తే సెగ వెనక్కి కొట్టే ప్రశ్నే లేదు. రేకు వేడి షీటులోకి, షీటు వేడి చెక్కలోకి తాకిడితోనే దిగిపోతుంది. అప్పుడు అది ఓ పల్చటి ప్లాస్టిక్ పొర, అంతకంటే ఏమీ కాదు. దానికన్నా ఏసీ పైపులకు చుట్టే నల్లటి రబ్బరు ఫోమ్ షీటు తీసుకుని, రేకుకి ఎక్కడా సందు లేకుండా అతికించడం మేలు. తేమగాలి రేకుని తాకే దారి ఉండదు కాబట్టి వెనక చెమ్మ పట్టదు. గ్లాస్‌వూల్ నీళ్లు పీల్చుకుని రేకుకి తడిగుడ్డలా అంటుకుంటుంది. థర్మోకోల్ కుదుపులకి అరిగి కిరకిరలాడుతుంది, నిప్పంటుకుంటే చెప్పక్కర్లేదు. ఒక్క పైకప్పుకి ఈ పని శుభ్రంగా చేస్తే చాలు, మన దగ్గర పక్కగోడలు అంత ముఖ్యం కావు.

ఇంత తంటా ఎందుకు, ఏసీ పెట్టుకుంటే పోలా అనే మాట వెంటనే వస్తుంది. సబబైన ప్రశ్నే, లెక్క వేసి చూద్దాం. టన్ను ఏసీ నడుస్తున్నప్పుడు సుమారు ఒక కిలోవాట్ లాగుతుంది. రాత్రి ఎనిమిది గంటల్లో కంప్రెసర్ సగం సేపే పనిచేసిందనుకున్నా నాలుగు యూనిట్లు కావాలి. క్యాంపర్లలో వాడే 12 వోల్టుల, 100 ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీలో పట్టేది ఒక యూనిట్ పైచిలుకు. అంటే అలాంటివి మూడు నాలుగు ఉండాలి, మర్నాడు వాటిని నింపడానికి కిలోవాట్ సోలార్ ప్యానెళ్లు ఉండాలి. ఆ ప్యానెళ్లకి సుమారు ఐదు చదరపు మీటర్ల చోటు కావాలి. ట్రావెలర్ పైకప్పు మీద సర్దొచ్చు. ఓమ్నీ మొత్తం పొడవు 3.37 మీటర్లు, వెడల్పు 1.41 మీటర్లు, కాబట్టి దాని మీద పట్టవు. అదే 25 వాట్ల డీసీ ఫ్యాను రాత్రంతా తిరిగితే అయ్యేది యూనిట్‌లో ఐదో వంతు. నేను ఏసీకి వ్యతిరేకిని కాను. పసిపిల్లలతో, పెద్దవాళ్లతో వేసవిలో వెళ్లేవాళ్లు ప్లగ్ పాయింటు ఉన్న చోట ఆగి ఏసీ వేసుకోవడంలో తప్పేమీ లేదు. కానీ నీడ లేని పైకప్పు కింద ఆ ఏసీ చాలా కరెంటుని రేకు వేడితో కుస్తీ పట్టడానికే ఖర్చు చేస్తుంది. ఏసీ పెట్టుకునేవాళ్లకీ ముందు చేయాల్సిన పని పైకప్పుదే.

గాలి విషయంలో మన పాత ట్రావెలర్లకి పుట్టుకతో ఓ వరం ఉంది. అవి మనుషులని ఎక్కించుకోవడానికి తయారైన బళ్లు, రెండు పక్కలా జరిపే అద్దాలున్నాయి. విదేశీ నమూనా చూసి ఆ కిటికీలని ప్లైవుడ్‌తో మూసేసి, అల్మరాలు కొట్టించి, తర్వాత ఉక్కపోస్తోందని కరెంటు ఫ్యాన్లు కొనడం నాకు ఎంతమాత్రం నచ్చని పని. నీడ పక్క కింది నుంచి గాలి లోపలికి రావాలి, ఎదురు పక్క పైనుంచి వేడిగాలి బయటికి పోవాలి. ఎగ్జాస్ట్ ఫ్యాను ఆ పై కిటికీలో ఉంటే లోపలి గాలి నిమిషాల్లో మారిపోతుంది. దోమతెర తప్పదు, అయితే అది గాలిని బాగా తగ్గిస్తుంది, కాబట్టి చిన్న కంత సరిపోదు, కిటికీ నిండా తెర ఉండాలి. వేసవి రాత్రుల్లో హైవే పక్కన ఆగిన లారీలని గమనించండి. క్యాబిన్‌లో పడుకునే బల్ల ఉన్నా, చాలామంది డ్రైవర్లు లారీ కింద ఉయ్యాల కట్టుకుని పడుకుంటారు. బతుకంతా బండిలోనే గడిపేవాళ్లు మెత్తటి బల్లని వదిలి నీడనీ గాలినీ ఎంచుకుంటున్నారంటే ఈ వాదనకి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

మరి లంబసింగి, అరకు వెళ్లేవాళ్ల మాటేమిటి అని అడగొచ్చు. లంబసింగిలో చలికాలం ఒక్కోసారి తెల్లవారుజామున మంచు పేరుకునేంత చలి ఉంటుంది. ఆ కొద్ది రాత్రులకి మంచి రగ్గులు చాలు. కిటికీలన్నీ బిగించేసుకుంటే ఇంకో చిక్కు. ఇద్దరు మనుషులు రాత్రంతా నిద్రలో వదిలే ఊపిరిలో, చెమటలో అరలీటరుకు పైగా నీరు ఉంటుంది. అది చల్లటి రేకుకి తగిలి బొట్లు కట్టి పలకల వెనక్కి జారుతుంది. తుప్పు లోపలి నుంచి మొదలయ్యేది అలాగే. చలి కాచుకోవడానికి మూసిన బండిలో గ్యాస్ స్టవ్ వెలిగించడం అయితే ప్రాణాంతకం. అప్పుడు పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ లేదు, వాసనా లేదు. వంటగ్యాస్ గాలికన్నా బరువు కాబట్టి లీకైతే నేలమీదే పరుచుకుంటుంది. సిలిండర్ పెట్టే గూటికి అడుగున బయటికి తెరుచుకునే కంత ఉండి తీరాలి. దీనిమీద ఎవరితోనూ రాజీ పడొద్దు.

బరువు గురించి ఎక్కువ చెప్పను, లెక్క ఒకటి చాలు. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ఎనిమిదడుగుల షీటు 35 కిలోల దాకా తూగుతుంది. నాలుగు షీట్ల చెక్కపని, వంద లీటర్ల నీళ్లు, ఇన్వర్టర్ బ్యాటరీలు రెండు కలిస్తే మనుషులు ఎక్కకముందే 340 కిలోలు దాటుతుంది. ఓమ్నీ ఖాళీ బరువే 800 కిలోలకి లోపు. ఇంజిన్ 796 సీసీ, అదీ ముందు సీట్ల కింద ఉండి వేడెక్కే రకం. ఆ బరువుతో అరకు ఘాట్ ఎక్కించడం, అంతకంటే ముఖ్యంగా దించడం, ఆలోచించాల్సిన విషయం. ఆర్సీలో మొత్తం బరువు, ఖాళీ బరువు రాసి ఉంటాయి. రెంటికీ తేడా చూసుకున్నాకే షీట్లకి ఆర్డరివ్వాలి.

చట్టం ఒప్పుకోదు కదా అన్నది అన్నిటికంటే గట్టి అభ్యంతరం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని మరింత గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు అని చేరింది. ఇది అన్యాయమని నేను అనను. పైకప్పు కోసి ఎత్తు పెంచిన బండి మలుపులో బోల్తా పడితే పోయేది ఇతరుల ప్రాణాలు కూడా. అలాగని దారి పూర్తిగా మూసుకుపోలేదు. రిజిస్ట్రేషన్ల పోర్టల్ వాహన్‌లో సొంత వాడకపు క్యాంపర్ వ్యాన్ అనే వర్గం ఉంది. రంగు మార్చినా, సీట్లు తగ్గించినా ఆర్సీలో ఎక్కాలి, కాబట్టి బండి కొనకముందే ఆర్టీవో కార్యాలయంలో అడిగి, మార్పులు మొదలెట్టకముందే కాగితం మీద అనుమతి తీసుకోవాలి. పదిహేనేళ్లు దాటిన కారుకి 2022 ఏప్రిల్లో రీరిజిస్ట్రేషన్ ఫీజు 600 నుంచి 5,000కి పెరిగింది, ఫిట్‌నెస్ పరీక్షా ఉంది. తుప్పు మీద నేనింతగా పట్టుబట్టడానికి అదీ ఓ కారణం.

ఈ చట్టాన్ని దృష్టిలో పెట్టుకున్నా, నా వాదనని దృష్టిలో పెట్టుకున్నా, తేలే పద్ధతి ఒక్కటే: బండి బాడీకి చేసే పని శాశ్వతంగా, లోపలి సామాను ఊడదీసుకునేలా. ఇది కొత్త ఆలోచన కాదు. ఫోక్స్‌వ్యాగన్ వ్యాన్ 1950లో వస్తే, మరుసటి ఏడే జర్మనీలో వెస్ట్‌ఫాలియా సంస్థ దానికోసం క్యాంపింగ్ పెట్టె ఒకటి తయారుచేసింది. వారమంతా సరుకులు మోసిన బండిలో సెలవురోజున దాన్ని అమర్చుకుని వెళ్లడం, వచ్చాక దించేయడం. బండి మాత్రం బండిగానే ఉండేది. మనకీ అదే నప్పుతుంది. మంచం రెండు పెట్టెల మీద పరిచే పలకలుగా, స్టవ్ బయటికి తీసి చెట్టు కింద పెట్టుకునేలా, నీళ్లు ఇద్దరు ఎత్తగలిగే 20 లీటర్ల క్యాన్లలో. ఈ పెట్టెలని మేకులతోనూ చెక్క స్క్రూలతోనూ నేలకి కొట్టకూడదు, సడన్ బ్రేకు వేస్తే పెట్టె ఎగిరి ముందువాళ్ల వీపు మీద పడుతుంది. సీట్ల కోసం కంపెనీ ఇచ్చిన బోల్టు కన్నాలు గట్టిగా ఉంటాయి. పెట్టెలకి అడుగున ఇనుప పట్టీ వేసి, ఆ కన్నాలకే బిగించుకోవాలి.