శనివారాన్ని దాటవేయని కథ

జాన్ బన్యన్ ‘యాత్రికుని ప్రయాణం’లో నేను మళ్లీ మళ్లీ చదివే చోటు సందేహపు కోట. దారి తప్పిన యాత్రికులిద్దరూ అక్కడ నిరాశ అనే రాక్షసుడికి చిక్కుతారు. బుధవారం పొద్దున చీకటికొట్లో పడేస్తాడు. తిండి లేదు, నీళ్లు లేవు. మర్నాడు దుడ్డుకర్రతో చావబాదుతాడు. శుక్రవారం వచ్చి, మీకింక విడుదల లేదు, మీ ప్రాణాలు మీరే తీసుకోండని చెప్పిపోతాడు. కథానాయకుడు ఆ మాటకు సగం ఒప్పుకుంటాడు కూడా. నిరీక్షణ అనే పేరున్న తోటివాడు పక్కనుండి, ఏవేవో చెప్పి అతన్ని ఆపుతాడు. శనివారం వాళ్లను పెరట్లోకి తీసుకెళ్లి, అంతకుముందు చిక్కినవాళ్ల ఎముకలు చూపిస్తాడు రాక్షసుడు. ఆ అర్ధరాత్రి ఇద్దరూ ప్రార్థనకు కూర్చుంటారు. తెల్లవారబోతుండగా, వాగ్దానం అనే తాళంచెవి తన దగ్గరే ఉన్న సంగతి కథానాయకుడికి గుర్తొస్తుంది. తలుపులు తెరుచుకుంటాయి. చివరి ఇనుపగేటు తాళం మాత్రం మహా కష్టంమీద తిరిగిందని రాశాడు బన్యన్. ఆ కష్టాన్ని వదిలేయకుండా రాసినందుకు ఆయనంటే నాకు గౌరవం.

గిన్నెలకు మాట్లు వేసుకుని బతికిన మనిషి ఆయన. అనుమతి లేకుండా బోధించాడని బెడ్‌ఫర్డ్ జైల్లో 12 ఏళ్లు పెట్టారు. లేసులు తయారుచేసి, అమ్మించి, ఆ డబ్బు ఇంటికి పంపేవాడు. చూపు లేని కూతురి గురించి లోపల ఒకటే బెంగ. 1672లో విడుదలయ్యాడు, 1678లో పుస్తకం వచ్చింది. చీకటికొట్టు ఎలా ఉంటుందో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

క్రైస్తవ కథల్లో పాఠకులకు ఆశ ఎక్కడ దొరుకుతుంది అని ఎవరైనా అడిగితే, ఆ నాలుగు రోజుల్లో అంటాను నేను. తాళంచెవి దొరకడం సంతోషమే. కానీ దాన్ని నమ్మించింది అంతకుముందున్న ఆకలి, దెబ్బలు, ఎముకలు. మన సంఘాల్లో శుభశుక్రవారం నాడు సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల గురించి ప్రసంగాలుంటాయి. ఈస్టరు తెల్లవారుజామున సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలుగుతాయి. నడుమ శనివారం మాత్రం ఖాళీగా ఉంటుంది. సువార్తల్లో కూడా ఆ రోజు గురించి చెప్పింది బహు కొద్ది. సుగంధద్రవ్యాలు సిద్ధం చేసుకున్న స్త్రీలు విశ్రాంతిదినం గనక ఊరకున్నారని లూకా రాస్తాడు. రేపు ఆదివారమని మనకు తెలుసు, వాళ్లకు తెలియదు. కథ రాసేవాడు నిలబడాల్సింది వాళ్ల పక్కన.

మన ఉత్తరాంధ్రలో అలాంటి శనివారాన్ని ఎరగని ఇల్లు తక్కువ. మన మత్స్యకారులు వేట కోసం గుజరాత్‌లోని వెరావల్ దాకా పోతారు. 2018 నవంబరులో అలా వెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్లు కొందరు పాకిస్తాన్ చేతికి చిక్కారు. కరాచీ జైలు నుంచి విడుదలై వాఘా దగ్గర మన నేల మీద అడుగుపెట్టేసరికి 2020 జనవరి. 13 నెలలకు పైగా. మగవాళ్లు అక్కడ జైల్లో, ఆడవాళ్లు ఇక్కడ అధికారుల గుమ్మాల దగ్గర. చెన్నైకో హైదరాబాదుకో తాపీపనికి వెళ్లిన కొడుకు ఫోను రెండు వారాలు మూగబోతే ఆ తల్లికీ అంతే. ఇలాంటి ఇళ్లలో చదివే కథ అబద్ధమాడితే వెంటనే తెలిసిపోతుంది.

అందుకే కొన్ని క్రైస్తవ కథల మీద నాకు గట్టి ఫిర్యాదు ఉంది. మొదటి పేజీలో జబ్బు, రెండో పేజీలో ప్రార్థన, మూడో పేజీలో స్వస్థత. తాగుబోతు భర్త ఒక్క కూటానికి వెళ్లొచ్చి మర్నాటి నుంచి గ్లాసు ముట్టడు. అలా జరగదని నేననను, అలా మారినవాళ్లను చూశాను. వాళ్లనే అడగండి, మొదటి నెల ఎలా గడిచిందో, చేతులు ఎలా వణికాయో, భార్య ఎన్నాళ్లు నమ్మలేదో చెబుతారు. కథంతా అక్కడుంది. దాన్ని వదిలేసి ముగింపు చేతిలో పెడితే, ఎంత ప్రార్థించినా బిడ్డ దక్కని తల్లి ఆ పత్రిక మూసి పక్కన పెట్టేస్తుంది. ఆమెకు ఆశ ఇవ్వలేకపోగా, నీ విశ్వాసమే చాలలేదన్న నింద వేసినట్టవుతుంది.

టాల్‌స్టాయ్ ఆ తల్లిని వదల్లేదు. 1885లో రాసిన ‘ప్రేమ ఉన్నచోట దేవుడున్నాడు’ కథలో మార్టిన్ చెప్పులు కుట్టేవాడు. నేలమాళిగ గదిలో ఉంటాడు. కిటికీలోంచి కనబడేవి దారిన పోయేవాళ్ల కాళ్లే. బూట్లను బట్టి మనిషిని గుర్తుపడతాడు. భార్య పోయింది, మిగిలిన ఒక్క కొడుకూ పోయాడు. దేవుడి మీద అలిగి గుడికి వెళ్లడం మానేశాడు. కథ చివర ఆ కొడుకు తిరిగి రాడు. మంచు ఎత్తే ముసలివాడికి టీ ఇవ్వడం, చలికి వణికే బాలింతకు తిండి పెట్టి ఒక పాత కోటు ఇవ్వడం, ఆపిలు దొంగిలించిన కుర్రాడికీ అమ్ముకునే అవ్వకూ రాజీ కుదర్చడం, ఇంతే జరుగుతుంది. దుఃఖం అలాగే ఉంది, గదిలోకి మాత్రం మనుషులు వచ్చారు. తోలుపని చేసే ఇళ్లలో పుట్టి చదువుకున్న తెలుగు క్రైస్తవుడికి ఈ కథ ఇంకో మాట కూడా చెబుతుంది, తన పనిముట్ల మధ్యకే దేవుడు వస్తాడని. 1941లో ‘గబ్బిలం’ రాసిన జాషువా అలాంటి ఇంటి మనిషినే కావ్యనాయకుణ్ని చేశాడు. ఆయన ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది.

మన వైపు ఈ విశ్వాసం ముందు పాటై వచ్చింది. 1803లో పర్లాకిమిడి దగ్గర పుట్టి, 1833లో కటక్‌లో బాప్తిస్మం పొంది, శ్రీకాకుళంలో సేవ చేసిన పురుషోత్తమ చౌదరి కీర్తనలు అక్షరం రానివాళ్ల నోళ్లలో కూడా నిలిచాయి. కథ ఎక్కువగా నాటికై బతికింది. పల్లెల్లో క్రిస్మస్ రాత్రి పశువుల పాక తర్వాత ఎక్కువగా కట్టేది తప్పిపోయిన కుమారుడి కథే. వలసపోయిన కొడుకు, దూరదేశం, కరువు, పందుల దొడ్డి. ఎవరికీ వివరించి చెప్పాల్సిన పని లేదు. తండ్రి పరుగెత్తుకెళ్లి కావలించుకునే చోట జనంలోంచి ఏడుపులు వినిపిస్తాయి.

విజయనగరంలో కూర్చుని గురజాడ 1910లో రాసిన ‘దిద్దుబాటు’ కూడా తిరిగొచ్చే మనిషి కథే. గోపాలరావు రాత్రుళ్లు పాటకచేరీల వెంట తిరిగి ఇంటికొస్తే భార్య లేదు, ఉత్తరం ఉంది. అతను కుంగిపోయాక మంచం కింది నుంచి కమలిని నవ్వు వినిపిస్తుంది. అది క్రైస్తవ కథ కాదు. కానీ తప్పు చేసినవాణ్ని కథ బయటికి గెంటకపోవడం ఈ నేలకు కొత్త కాదని దాన్ని చూస్తే తెలుస్తుంది. రాసేవాడికి ఆశ దొరికేది ఇక్కడే అనుకుంటాను. ఏ పాత్రనూ ఇక వీడింతే అని వదిలేయకూడదన్న కట్టుబాటు పెట్టుకుని రాస్తూ పోతే, కొన్నాళ్లకు పక్కింటివాణ్ని కూడా అలా వదిలేయడం కష్టమవుతుంది.

ఒకసారి తప్పిపోయిన కుమారుడి నాటిక అయిపోయాక, దుప్పటి కప్పుకుని ముందువరసలో కూర్చున్న ముసలావిడ నన్ను అడిగింది: “ఆ పెద్దోడు మరి నోపలికి ఎల్నాడా నేదా బావూ?”

పొలం నుంచి వచ్చిన పెద్దకొడుకు సంగతి. తమ్ముడికి విందు చేస్తున్నారని కోపమొచ్చి బయటే ఉండిపోయాడు. తండ్రి బయటికొచ్చి బతిమాలాడు. అక్కడితో యేసు కథ ఆపేశాడు, వెళ్లాడో లేదో చెప్పలేదు. అదే చెప్పాను. ఆవిడ కాసేపు ఆలోచించి, “ఆడి కట్టం ఆడిది. అయ్య బయటే ఉన్నాడు కదా, ఉండనీ” అంది.

ఈ డిసెంబరుకు నాటికలు రాసే కుర్రవాళ్లను నేను కోరేది ఒకటే. ఆ పెద్దకొడుకు వేషాన్ని తీసేయకండి. ఎవరికో ఒకరికి వేషం ఇవ్వాలని రెండు ముక్కలు రాసి సరిపెట్టకండి. ఇన్నేళ్లూ ఊళ్లో ఉండి, పొలం చూసుకుని, అమ్మానాన్నల మందులు తెచ్చి, పండక్కి వచ్చిన తమ్ముడి ముందు చిన్నబోయిన అన్నలు మన ప్రతి ఊళ్లో ఉన్నారు. వాడి నోట వాడి కోపమంతా చెప్పించండి, సగం పేజీ పట్టినా సరే. తర్వాత తండ్రిని వాడి పక్కన నిలబెట్టండి. తెర వేసేముందు వాణ్ని చెయ్యిపట్టి లోపలికి లాక్కుపోకండి.