‘అల్పజీవి’లో భయం – కాలం

విరహంలో నిమిషం యుగంగా తోచడం ప్రబంధాలకు కొత్త కాదు. అక్కడ అది అతిశయోక్తి. దానివల్ల కథ నడక మారదు. విశాఖ న్యాయవాది రాచకొండ విశ్వనాథశాస్త్రి (1922–1993) తొలి దశలో రాసిన ‘అల్పజీవి’లో మారింది ఆ నడకే. గుమాస్తా సుబ్బయ్యకు క్షణం యుగమైందని కథకుడు ప్రకటించడు. ఆ క్షణంలో అతని మనసులో మెదిలినవాటిని వరుసగా చదివిస్తాడు. కథాకాలం ఆగుతుంది, కథనకాలం సాగుతుంది. సుబ్బయ్య బెదురు పాఠకుడికి సమాచారంగా కాక నిరీక్షణగా అందుతుంది.

విమర్శ ఈ నవలకు రెండు పేర్లు స్థిరపరిచింది: శిల్పరీత్యా చైతన్యస్రవంతి, వస్తురీత్యా న్యూనతాభావం. రెండూ సరైనవే. అయితే సుబ్బయ్య మనసు ఏ కాలంలో నివసిస్తున్నదన్న ప్రశ్నకు అవి సమాధానం కావు. చైతన్యస్రవంతి సాధారణంగా జ్ఞాపకం వెంట వెనక్కి పారుతుంది. బుచ్చిబాబు దయానిధిని వెంటాడేది కూడా గతమే, తల్లిని గురించిన అపవాదు. సుబ్బయ్యను వేధించేది జరగని అవమానం, రేపు ఎదురుకాబోయే మనిషి. కాంట్రాక్టరు గవరయ్య దగ్గర తెచ్చిన అప్పు ఈ భయానికి లౌకికమైన ఆధారం. అప్పంటేనే గడువు. ఆ గడువు సుబ్బయ్య వర్తమానాన్ని తన వైపు లాక్కుంటుంది.

నవీన్ ‘అంపశయ్య’ (1969) విద్యార్థి రవి ఒక్క రోజు జీవితం. అక్కడ మనసు ఎంత చెదిరినా బయట గడియారం తన పని తాను చేసుకుపోతుంది. సుబ్బయ్యకు ఆ ఊరట లేదు. అతని గడియారం రుణదాత చేతిలో ఉంది. బెర్గ్‌సన్ 1889లో ప్రతిపాదించిన అంతఃకాలంలో మనిషి స్వేచ్ఛకు చోటుంది. గడియారం కొలవలేనిది కనుకనే అది స్వేచ్ఛకు నెలవు. సుబ్బయ్య అంతఃకాలం కూడా తాకట్టులో ఉంది. ఈ సిద్ధాంతాన్ని ‘అల్పజీవి’కి యథాతథంగా అన్వయించడం అందుకే కుదరదు.

ఈ దృష్టితో చూస్తే, మనోవైజ్ఞానిక రావిశాస్త్రి వేరు, సామాజిక రావిశాస్త్రి వేరు అన్న విభజన పలచబడుతుంది. మద్యనిషేధ చట్టం, పోలీసులు, కోర్టుల చుట్టూ అల్లిన ‘ఆరు సారా కథలు’లో కూడా పేదల కాలం ఇతరుల అధీనంలోనే ఉంటుంది. పద్ధతి మాత్రం మారింది: అక్కడ భయాన్ని లోపలినుంచి వినిపించిన రచయిత, ఇక్కడ భయపెట్టే యంత్రాంగాన్ని బయటినుంచి, వ్యంగ్యంగా చూపాడు. అప్పు తీర్చే కిస్తుకూ, కోర్టు కేసు మరో రోజుకు పడడానికీ తెలుగు వ్యవహారంలో మాట ఒకటే: వాయిదా.