దొర విసుగు, దుబాసీ లెక్క: కాన్రాడ్, ఆర్వెల్ రచనల్లో పరదేశపు మేనేజరు

పందొమ్మిదో శతాబ్ది చివరి దశకం నుంచి రెండో ప్రపంచ యుద్ధం దాకా వెలువడిన ఆంగ్ల కథానికల్లో, నవలల్లో ఒక పాత్ర తరచుగా ఎదురవుతుంది. అతడు సైనికుడు కాడు, మతప్రచారకుడు కాడు. ఏదో ఒక కంపెనీ తరఫున దూరదేశంలో కలప డిపోకో, నదీతీరపు వర్తక కేంద్రానికో అధిపతిగా నియమితుడైన ఉద్యోగి. ఎండ, జ్వరం, ఆలస్యంగా చేరే టపా, చెప్పిన పని చెప్పినట్టు చేయని నౌకర్లు, తన కష్టాన్ని గుర్తించని ప్రధాన కార్యాలయం అతని నిత్యజీవితం. ఈ రచనలన్నింటికీ నిర్వేదం స్థాయి అని చెప్పవచ్చు. మమ్మటుడు నిర్వేదాన్ని శాంతరసానికి స్థాయిగా అంగీకరించాడు. ఇక్కడి నిర్వేదం మాత్రం శాంతానికి కాక హత్యకూ ఆత్మహత్యకూ దారి తీస్తుంది.

విమర్శకులు ఈ విసుగును సాధారణంగా రెండు విధాలుగా వ్యాఖ్యానించారు. ఒంటరితనంలో నాగరికుని మనస్సు చెదిరిపోవడమని కొందరు, సామ్రాజ్యవాది అంతరాత్మ పడే అపరాధ వేదన అని మరికొందరు భావించారు. రెండింటిలోనూ దృష్టి మేనేజరు మనస్సు మీదనే నిలిచింది. అతని ఉద్యోగం ఏమిటి, ఆ ఉద్యోగంలోని పనిని నిజంగా చేసేదెవరు, లెక్కలు ఎవరి చేతిలో ఉన్నాయి, ఎవరికి ఏ రూపంలో జీతం ముడుతున్నది అన్న ప్రశ్నలు వెనుకబడ్డాయి. ప్రస్తుత వ్యాసం ఆ ప్రశ్నలతో ప్రధానంగా రెండు రచనలను పరిశీలిస్తుంది: జోసెఫ్ కాన్రాడ్ కథ 'యాన్ అవుట్‌పోస్ట్ ఆఫ్ ప్రోగ్రెస్' (1897), జార్జ్ ఆర్వెల్ నవల 'బర్మీస్ డేస్' (1934).

కాన్రాడ్ 1890లో ఒక బెల్జియన్ వర్తక సంస్థ ఉద్యోగిగా కాంగో నదిపై ప్రయాణించాడు. ఆ అనుభవం నుంచి పుట్టిన రచనల్లో 'హార్ట్ ఆఫ్ డార్క్‌నెస్' ఎక్కువ ప్రసిద్ధికెక్కింది గాని, మేనేజరు దినచర్యను తెలుసుకోవడానికి చిన్నకథే ఎక్కువ ఉపయోగపడుతుంది. కెయర్ట్స్, కార్లియే అనే ఇద్దరు ఐరోపీయులను స్టీమరు ఒక వర్తక కేంద్రంలో దింపి వెళ్లిపోతుంది. మొదటివాడు స్వదేశంలో తంతి తపాలా శాఖలో పనిచేసినవాడు, రెండవవాడు మాజీ సైనికోద్యోగి. వీరికి ముందున్న అధిపతి జ్వరంతో చనిపోయాడు. అతని సమాధి మీది పొడవైన శిలువ పెరట్లోనే ఉంది. కేంద్రంలో మూడవ ఉద్యోగి మకోలా. సియెరా లియోన్ నుంచి వచ్చినవాడు, ఇంగ్లీషు, ఫ్రెంచి భాషలు తెలిసినవాడు, చక్కని దస్తూరితో ఖాతాలు రాసేవాడు. భార్యాబిడ్డలతో అక్కడే కాపురమున్నాడు.

ఈ ఇద్దరు అధికారులు రోజంతా ఏమి చేస్తారో గమనించాలి. వరండాలో కూర్చుంటారు. చచ్చిపోయిన అధిపతి వదిలివెళ్లిన చిరిగిన నవలలు చదివి అందులోని పాత్రల గురించి చర్చిస్తారు. పాత వార్తాపత్రికలో వలస విస్తరణను కీర్తించే వ్యాసం చదివి, తాము ఇంత గొప్పపని చేస్తున్నామా అని తమను తాము మెచ్చుకుంటారు. ఏనుగు దంతాలు తెచ్చినవారితో బేరం చేసేది మకోలా, తూకం వేసేది మకోలా, గిడ్డంగి తాళాలు మకోలావి. ఆ గిడ్డంగిని అక్కడ 'ఫెటిష్' అని పిలుస్తారని కథకుడు చెబుతాడు. మనవైపు 'పూజామందిరం' అని పిలిచినట్టు ఊహించుకుంటే అందులోని వ్యంగ్యం తెలుస్తుంది. కేంద్రం నడవడానికి ఆ ఇద్దరి అవసరం బొత్తిగా లేదు. వారి విసుగుకు మొదటి కారణం పనిభారం కాదు, తాము పనికి అక్కరలేనివారమన్న స్థితి. ఆ స్థితిని వారు గుర్తించలేరు. గుర్తిస్తే జీతానికి అర్థం ఉండదు కనుక.

మకోలా వంటివానికి తెలుగులో చిరకాలంగా ఒక పేరున్నది. దుబాసీ. చెన్నపట్నం, పుదుచ్చేరి కంపెనీల చరిత్ర తెలిసినవారికి దొరకూ దేశానికీ మధ్య నిలిచి మాటనూ సరుకునూ మార్చే ఈ వ్యక్తి కొత్త కాదు. డూప్లే దుబాసీ ఆనందరంగ పిళ్ళై తెలుగు కవులను పోషించాడు. సుప్రీంకోర్టులో దుభాషిగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 'కాశీయాత్ర చరిత్ర'కు కర్త. అంటే మన సాహిత్యంలో దుబాసీ రచయితగా, కృతిభర్తగా ఉన్నాడు. కాన్రాడ్ కథలో మాత్రం మకోలా మనసులోకి మనకు ప్రవేశం లేదు. అతడు అంతుచిక్కని, కీడు శంకింపజేసే మనిషిగానే ఉండిపోతాడు. కథలోని లోపం ఇదేనని నా అభిప్రాయం. పని తెలిసిన ఏకైక వ్యక్తిని రచయిత బయటినుంచే చూశాడు.

కథ మలుపు తిరిగేది జీతగాళ్ల విషయంలో. కేంద్రంలో పదిమంది పనివాళ్లున్నారు. ఆరు నెలల ఒప్పందం మీద దూరప్రాంతం నుంచి వచ్చి రెండేళ్లకు పైగా అక్కడే ఉండిపోయారు. వారికి సరిపడని బియ్యం కూడు పెడతారు. ఇల్లు విడిచిన దిగులుతో, రోగాలతో వారు నీరసించారు. పని సరిగా చేయడం లేదని అధికారులు విసుక్కుంటారు. ఒకరోజు తుపాకులు ధరించిన అపరిచితులు వస్తారు. మకోలా ఆ పదిమందినీ వారికి అమ్మి ఆరు దంతాలు సంపాదిస్తాడు. కెయర్ట్స్ మొదట అదిరిపడతాడు, బానిసత్వం ఘోరమంటాడు, మకోలాను తిడతాడు. తరువాత దంతాలను తూచే పనిలో తానూ చేయివేస్తాడు. ఈ తూకం దృశ్యం కథకు ఆయువుపట్టు. అంతవరకూ తన కేంద్రంలో ఒక్క పనిని సంపూర్ణంగా చేయని మేనేజరు మొట్టమొదటిసారిగా చేసిన పని అదే.

ఆ రాత్రి పొరుగు నాయకుడు గోబిలా మనుషులు కొందరు కూడా పట్టుబడ్డారు. దానితో గోబిలా గ్రామం కేంద్రానికి తిండి పంపడం మానేస్తుంది. స్టీమరు నెలల తరబడి రాదు. మిగిలినవి కాఫీ, బియ్యం, రోగమొస్తే వాడుకోవాలని దాచిన పదిహేను చక్కెర బిళ్లలు, అరసీసా బ్రాందీ. కాఫీలో చక్కెర కావాలని కార్లియే, ఇవ్వనని కెయర్ట్స్. ఇంత స్వల్ప విషయానికి హత్య జరగడాన్ని ఉన్మాదంగా వివరించడం తేలిక. కాని సంభాషణ నడిచిన క్రమం వేరొకటి చెబుతుంది. కెయర్ట్స్ తాను పై అధికారినని గుర్తుచేస్తాడు. దానికి జవాబుగా కార్లియే, నీవూ నేనూ ఇద్దరం బానిసల వ్యాపారులమే, ఇక్కడ అధికారి ఎవడని అడుగుతాడు. కేంద్రంలో జరిగినదానికి సరైన పేరు పెట్టినది ఆ కోపమే. చక్కెరడబ్బా తాళం ఒక్కటే కెయర్ట్స్ అధికారానికి మిగిలిన ఆధారం. అది పోతే అతనికీ కార్లియేకీ తేడా ఉండదు. అప్పుడు ఆ పేరు తనకూ వర్తిస్తుంది. తుపాకీ పేలుతుంది. మర్నాడు మంచులో స్టీమరు కూత వినిపించే వేళకు కెయర్ట్స్ శిలువకు ఉరివేసుకుంటాడు. దిగివచ్చిన డైరెక్టరుకు అతని శవం నాలుక బయటపెట్టి కనిపిస్తుంది.

'హార్ట్ ఆఫ్ డార్క్‌నెస్'లోనూ కార్యాలయపు చికాకులున్నాయి. పడవ మరమ్మతుకు రివెట్లు కావాలి. దిగువ స్టేషనులో అవి నేలమీద పొర్లుతుంటాయి, కావలసినచోట ఒక్కటి దొరకదు. ఇటుకలు చేయించవలసిన ఉద్యోగి ఒక్క ఇటుక చేయించకుండా ఏడాదికి పైగా జీతం తింటాడు. పడవలోని స్థానిక పనివాళ్లకు జీతం వారానికి మూడు ఇత్తడి తీగముక్కలు. ఆ తీగతో ఊళ్లలో తిండి కొనుక్కోవాలి, పడవ ఏ ఊళ్లోనూ ఆగదు. జీతం క్రమం తప్పకుండా ముడుతూనే ఉంటుంది. చినువా అచెబె 1975 నాటి ప్రసంగంలో, ఒక ఐరోపీయుని మనస్సు పతనమయ్యే కథకు ఆఫ్రికాను రంగస్థలంగా మార్చారని కాన్రాడ్‌ను తీవ్రంగా విమర్శించాడు. ఆ ఆక్షేపణ సరైనదే. అయితే పతనమైనది మనస్సు మాత్రమేనా అన్న సందేహం ఈ ఇత్తడి తీగ దగ్గర కలుగుతుంది. కార్యాలయం అటువంటి జీతపు పద్ధతిని చెక్కుచెదరకుండా నడుపుతూనే ఉంది. సోమర్సెట్ మామ్ 'ది అవుట్‌స్టేషన్' కథలోనూ నౌకరు జీతాన్ని బిగబట్టినవాడే హత్యకు గురవుతాడు. అతని పై అధికారి ఆరువారాల పాత 'టైమ్స్' పత్రికను తేదీల వరుసలో రోజుకొకటి విప్పి చదివే మనిషి. తోటి ఉద్యోగి చావు ఆ అలవాటును భంగపరచదు, పైగా నిష్కంటకం చేస్తుంది.

ఆర్వెల్ 1922 నుంచి 1927 దాకా బర్మాలో ఇంపీరియల్ పోలీసు ఉద్యోగి. నవలలోని క్యౌక్తడాకు అతడు చివరగా పనిచేసిన కథా పట్టణం మూలం. కథానాయకుడు ఫ్లోరీ కలప కంపెనీ మనిషి. నెలలో ఎక్కువ రోజులు అడవి క్యాంపులో, మిగిలినవి పట్టణంలోని యూరోపియన్ క్లబ్బులో గడుపుతాడు. కెయర్ట్స్‌కు లేనిదీ ఫ్లోరీకి ఉన్నదీ ఎరుక. సామ్రాజ్యం దోపిడీ అని అతనికి తెలుసు. డాక్టరు వీరస్వామి ఇంటి వరండాలో కూర్చొని ఆ మాట అంటాడు కూడా. కాని వీరస్వామిని క్లబ్బులోకి రానివ్వకూడదన్న కాగితం ముందుకు వస్తే సంతకం పెడతాడు. పదేళ్ల తరువాత స్వదేశానికి సెలవు మీద బయలుదేరితే, కంపెనీలో ముగ్గురు జ్వరంతో చనిపోయారని కొలంబోలోనే తంతి అందుతుంది. వెనుదిరిగి వచ్చి, తాను ద్వేషించిన నేల తప్ప తనకు వేరే ఇల్లు లేదని గ్రహిస్తాడు. నవలలోని ఉత్తమ భాగాల్లో ఇది ఒకటి. ప్రవాసోద్యోగి దుఃఖాన్ని ఆర్వెల్ ఇక్కడ ఏ వ్యంగ్యమూ లేకుండా చెప్పాడు.

క్లబ్బు దృశ్యాల్లో విసుగు వేరు రూపం ధరిస్తుంది. ఎల్లిస్ వేరొక కంపెనీకి స్థానిక మేనేజరు. మంచుగడ్డ ఎంత మిగిలిందని బట్లరును అడుగుతాడు. బట్లరు చక్కని ఇంగ్లీషులో, మర్యాదగా, మంచు నిలవడం కష్టంగా ఉందని బదులిస్తాడు. ఎల్లిస్ మండిపడతాడు. మంచు కరిగినందుకు కాదు, నౌకరు అంత బాగా మాట్లాడినందుకు. ఇంగ్లీషు బాగా వచ్చిన నౌకరును ఉంచకూడదని అతని సిద్ధాంతం. దుబాసీ భాష నేర్చిన క్షణాన దొర అనవసరమవుతాడన్న భయాన్ని మకోలా విషయంలో కాన్రాడ్ సూచించి వదిలాడు. ఎల్లిస్ నోట ఆ భయం బాహాటంగా పలికింది. ఆ బట్లరును ఆర్వెల్ ద్రావిడుడని వర్ణిస్తాడు. పేరు ఇవ్వడు.

వీరస్వామి పేరు విషయం మరింత విచిత్రం. నవల ముందు 1934లో న్యూయార్కులో వచ్చింది. పరువునష్టం దావాలకు వెరచి 1935 లండన్ ముద్రణలో కొన్ని పేర్లు మార్చారు. అందులో వీరస్వామి 'మూర్ఖస్వామి' అయ్యాడు. ఇంగ్లీషు పాఠకునికి అది మరొక భారతీయ నామం మాత్రమే. తెలుగు పాఠకునికి అలా కాదు. ఆంగ్లేయుల గొప్పతనాన్ని అమాయకంగా స్తుతించే డాక్టరుకు ఆ పేరు తగిలించినవారికి దాని అర్థం తెలుసా లేదా అన్నది అటుంచి, పాత్ర చిత్రణలోనే ఉన్న హేళనను ఆ మార్పు బయటపెట్టింది. మంచి వైద్యుడైన ఈ వ్యక్తి నోట రచయిత సామ్రాజ్య స్తోత్రాన్నే ఎక్కువగా వినిపించాడు.

ఆర్వెల్ నవలను తెలుగువారు ఇంగ్లండువారిలా చదవలేకపోవడానికి మరొక కారణమున్నది. గోదావరి ముఖద్వారంలోని కోరంగి రేవు పేరిట బర్మాలో తెలుగు కూలీలందరినీ 'కోరంగీలు' అన్నారు. కాకినాడ, విశాఖపట్నం రేవుల నుంచి ఓడలెక్కి వెళ్లిన వీరు రంగూను ఓడరేవులో బరువులు మోశారు, మిల్లుల్లో, పారిశుద్ధ్యంలో పనిచేశారు. 1930 మేలో వారు సమ్మెచేస్తే బదులుగా బర్మీయులను పనిలోకి తీసుకున్నారు. సమ్మె ముగిశాక రెండు వర్గాల మధ్య చెలరేగిన అల్లర్లలో కూలీలు పెద్దసంఖ్యలో చనిపోయారు. ఆర్వెల్ అప్పటికే బర్మా విడిచాడు, నవల ఎగువ బర్మాకు సంబంధించినది. కనుక రంగూను రేవు అందులో లేదని తప్పుపట్టడం న్యాయం కాదు. కాని పంఖా లాగే కుర్రాడు, బట్లరు, ఊడ్చేవాడు అందులో ఉన్నారు. దొరల చికాకును రెచ్చగొట్టడానికే వారు దృశ్యంలోకి వస్తారు. ఫ్లోరీ జీతానికి మూలమైన కలప పని కూడా నవలలో చాలా తక్కువగా కనిపిస్తుంది.

కోరంగీల మీద కూడా ఒక మేనేజరు ఉండేవాడు. అతడు మేస్త్రీ. ఊళ్లలో బయానా ఇచ్చి మనుషులను సమకూర్చి, ఓడ ఎక్కించి, వారి కూలిలో తన వాటా మినహాయించుకున్న తెలుగువాడు. పైన కంపెనీ, కింద అప్పులో మునిగిన తన ఊరివాళ్లు. అతని రోజువారీ చికాకులు ఎలా ఉండేవో ఊహించదగినదే. ప్రవాస సాహిత్యం గురించిన మన చర్చల్లో కూలీ కన్నీరు ఉన్నంతగా మేస్త్రీ విసుగు లేదు. నేడు గల్ఫ్ నిర్మాణ స్థలాల్లో, అమెరికా కార్యాలయాల్లో పై స్థానాల్లో ఉన్న తెలుగువారి కథలను చదివేటప్పుడు కూడా, కథకుడు ఎవరి జీతం గురించి మౌనం వహించాడని అడగడం అవసరం.

'బర్మీస్ డేస్' చివరి అధ్యాయం ఈ దృష్టితో చూస్తే పద్దులు ముగించినట్టు ఉంటుంది. ఫ్లోరీ కుక్కను కాల్చి తానూ కాల్చుకున్న తరువాత ఎవరికేమి దక్కిందో ఆర్వెల్ వరుసగా నమోదు చేస్తాడు. ఎలిజబెత్‌కు డిప్యూటీ కమిషనరుతో పెళ్లి అవుతుంది. వీరస్వామి అసిస్టెంట్ సర్జన్ స్థాయికి దిగజారి మాండలే ఆసుపత్రికి బదిలీ అవుతాడు. మా హ్లా మే మాండలేలోనే వేశ్యాగృహానికి చేరుతుంది. నౌకరు కో స్లాకు నాలుగువందల రూపాయలు దక్కుతాయి. ఆ డబ్బుతో అతడు బజారులో టీకొట్టు పెడతాడు. కొట్టు సాగదు, తిరిగి నౌకరీకి వెళతాడు. ఫ్లోరీ పదిహేనేళ్ల ఉద్యోగంలో ఎంత కలప కొట్టించాడో ఆ జాబితాలో లేదు.